చిరంజీవ అనే చెయ్యి

ధర్మవరం
14-6-1982

తమ్ముడు రామాంజులుకు అక్క హనుమక్క దీవించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నామని మొదట రాయాలి కదా, రాశాను. ఇక నిజం చదువు.

నీ మేనకోడలు బయమ్మను మీ బావ వెనక గదిలో స్తంభానికి కట్టేశాడు. ఎందుకంటావా? తుమ్మింది. నవ్వకు, నాకు నవ్వే ఓపిక లేదు.

బయమ్మ సంగతి నీకు తెలిసిందే. ఏడేళ్ళొచ్చినా మాట లేదు, మన మొహం చూడదు, ఎవరినీ ఒంటి మీద చెయ్యి వేయనివ్వదు. కానీ మగ్గం గుంత అంచున కూర్చుంటే మాత్రం పొద్దు గూకేదాకా కదలదు. పేక పోగు మోసే నాడె అటు పోతే అటు, ఇటు వస్తే ఇటు చూస్తుంది. ఒక్క పోగు ముట్టుకోదు. దాని లోకమంతా ఆ గుంత అంచే. అక్కడ కూర్చునే మొన్న తుమ్మింది, అదీ గంధం రంగు ముహూర్తం చీర కొంగు మీద. గోరంట్ల వాళ్ళ పెళ్ళి చీర. సరిగ్గా అప్పుడే సావుకారు మనిషి ఎర్రిస్వామి చీర చూడ్డానికి వచ్చి నిలబడి ఉన్నాడు. నా అదృష్టం అట్లాంటిది.

"ఏమప్పా శ్రీరంగప్పా, తాళి కట్టే చీర మీద ఎంగిలి తుమ్ము తుమ్మించినావే! అదీ ఒంటి తుమ్ము! దీన్ని ఎవురు కట్టుకుంటారు?" అని నెత్తి కొట్టుకున్నాడు. పట్టు మీద తడి మరక పడితే పోదు, ఎంగిలి పడితే అసలే పోదు. ఇంకోసారి ఇట్లా జరిగితే పడుగు వేరే ఇంటికి ఇస్తానని సావుకారు కబురు పంపాడు. పడుగు రాకపోతే మన ఇంట్లో మగ్గం ఆడదు, పొయ్యి రాజుకోదు.

మీ బావ చెడ్డవాడు కాడు. కట్టిన రోజు ముద్ద ముట్టలేదు. కానీ ముడి విప్పమంటే, "ముక్కుకు, నోటికి ఏదన్నా అడ్డం పెట్టుకునేది నేర్సుకోనీ, అప్పుడు మగ్గం కాడికి రానిస్తా. అందాకా ఇంతే" అంటాడు. నేను చెయ్యి అడ్డం పెట్టుకోమ్మా అని నెత్తీ నోరూ మొత్తుకున్నాను. గోడకు చెప్పినా ఒకటే, దానికి చెప్పినా ఒకటే.

ఆవులింతకు అన్న ఉన్నాడు గానీ తుమ్ముకు తమ్ముడు లేడని సామెత చెప్తారు. నా బిడ్డ తుమ్ముకు నువ్వొక తమ్ముడివి ఉన్నావని రాస్తున్నా. నువ్వు ఆ పిల్లల ఆసుపత్రిలో బండి తోసే పనే చేస్తుండొచ్చు, రోజూ డాక్టర్ల మొహం చూస్తావు కదా. అడుగు. సిగ్గుపడకుండా అడుగు.

రాట్నం దగ్గర పని అట్లాగే ఉంది. మరదలు అంజనమ్మను అడిగానని చెప్పు.

మీ అక్క


బెంగళూరు
27-6-1982

అక్కా,

నీ జాబు చదివి అన్నం సహించలేదు. అంజనమ్మ రెండోసారి వేడిచేసి పెట్టినా చేయి కడుక్కుని లేచాను. ఇక్కడ రోజూ తుంపర పడుతూనే ఉంది. బట్టలు ఆరవు. మన దగ్గర ఒక్క మబ్బు కోసం మెడలు నొప్పిపెట్టేలా చూస్తామే, ఇక్కడివాళ్ళు వానను తిట్టుకుంటూ తిరుగుతారు. వింటే ఒళ్ళు మండుతుంది.

డాక్టరమ్మను అడిగాను. ఆమె రౌండ్లకు వచ్చినప్పుడు మందుల బండి అడ్డంగా పెట్టి నిలబడ్డాను. ఏమిటని కసిరింది. వచ్చీరాని కన్నడంలో అంతా చెప్పాను. కసరడం మానేసింది. కళ్ళల్లోకి చూస్తుందా, ఒకే వస్తువును గంటలకొద్దీ చూస్తుందా, రోజూ చేసే పని మారితే ఏడుస్తుందా అని ఏవేవో అడిగింది. అన్నిటికీ నాకు బయమ్మే కనబడింది. దీన్ని ఆటిజం అంటారట. "గాలి కాదు, దయ్యం కాదు, మీ అక్క చేసిన పాపం అసలే కాదు. ఆ పిల్ల పుట్టుక అంతే. నేర్చుకుంటుంది, కాకపోతే మనం నేర్పే దారి మారాలి" అంది. ఆ పాపం మాట నీకు రెండుసార్లు చదివి వినిపించాలని ఉంది అక్కా, ఊళ్ళో నిన్ను ఎవరెవరు ఏమన్నారో నాకు తెలుసు.

ఆమె చెప్పింది ఇది. మాట తక్కువ, చేత ఎక్కువ. నువ్వే దాని పక్కన కూర్చుని తుమ్మినట్టు చేసి గుడ్డ అడ్డం పెట్టుకుని చూపించు. ప్రతిసారీ ఒకేలాగ. దాని గుడ్డ దానికి చేతికందేలా ఉండాలి. గుడ్డ ముక్కు దగ్గరికి పోయిన ఆ క్షణంలోనే దానికి బాగా ఇష్టమైనది ఇవ్వాలి. ఆలస్యం చేస్తే ఎందుకిచ్చావో దానికి తెలియదు. కాబట్టి ముందు దానికి ఏది ఇష్టమో కనుక్కో.

తెల్లటి చేతిగుడ్డలు పార్సిల్ చేశాను. మంచి రకం. బావకు నా మాటగా చెప్పి ఆ కట్టు విప్పించు.

నీ తమ్ముడు
రామాంజులు


ధర్మవరం
21-7-1982

రామాంజులూ,

నీ చేతిగుడ్డలు అందాయి. మహా తెల్లగా ఉన్నాయి. ఒకటి మగ్గం గుంతలో దొరికింది, ఒకటి మేక నమిలింది, మిగిలినవి నేనే దాచిపెట్టా. దగ్గరికి తెస్తేనే చెవులు మూసుకుని కేకలు పెడుతుంది. గంజి వాసనో సబ్బు వాసనో మరి.

నువ్వు చెప్పినట్టే పొద్దస్తమానం దాని ముందు కూర్చుని తుమ్మినట్టు నటించాను. పక్కింటి నల్లమ్మ పాపం శొంఠి కషాయం కాచి తెచ్చింది, "ఏమక్కా, ఇంత పడిశం పట్టింది?" అని. తాగాను. లేని పడిశానికి మందు తాగినదాన్ని నేనొక్కదాన్నే ఉంటా.

దానికి ఇష్టమైనది కనుక్కోమన్నావు. బెల్లం ఇస్తే ఉమ్మేసింది. ఎర్ర పట్టు పోగు ఇస్తే చూసి వదిలేసింది. మగ్గమే దానికి ఇష్టం, అదే దూరమయింది. మీ బావ పడుగు మీద ఉన్నంతసేపు కట్టు, లేచాక విప్పు. నీ మాట చెప్తే, "మీ తమ్మునికేం, బెంగళూరులో ఉండి ఎన్నన్నా చెప్తాడు" అన్నాడు.

అసలు సంగతి, తుమ్ములు తగ్గకపోగా ఎక్కువైనాయి. ముక్కు కారదు, ఒళ్ళు వెచ్చబడదు, ఊరికే తుమ్ముతుంది. ఆషాఢం గాలి సంగతి నీకు తెలుసు కదా, తలుపు వేసినా అన్నంలో దుమ్మే. మా అత్త పొయ్యి దగ్గర ఏ పని ఉన్నా వదిలేసి, "చిరంజీవ, చిరంజీవ" అంటూ పరిగెత్తి దాని నెత్తిన చెయ్యి పెట్టి పోతుంది. రోజూ ఏదో ఒకటి మాడుతోంది. దిష్టి కూడా తీసింది. ఏం లాభం లేదు.

ఇంకొక మాట రాయాలి. రాయబుద్ధి కావడం లేదు. ఇప్పటికి ఇంతే.

మీ అక్క


బెంగళూరు
2-8-1982

అక్కా,

డాక్టరమ్మ సెలవు మీద మైసూరు పోయింది. అందుకని నేనే ఆలోచించాను. ఇన్నేళ్ళు ఆసుపత్రిలో ఉన్నాను, కొంచెమైనా తెలియదా?

నాకు తోచింది ఏమంటే, అది దుమ్ము పడక వచ్చే తుమ్ము. పట్టు నూగు కూడా ముక్కులోకి పోతుంటుంది. మగ్గానికి దూరంగా, ఎవరైనా చుట్టాల ఇంట్లో కొన్నాళ్ళు ఉంచితే గాలి మారుతుంది, తుమ్ములు తగ్గుతాయి. బావకూ పని సాఫీగా సాగుతుంది. నువ్వూ కాస్త ఊపిరి పీల్చుకుంటావు. బావతో మాట్లాడి చూడు.

అంజనమ్మ నీకోసం కాఫీ పొడి పంపమంటోంది. మీ ఇంట్లో కాఫీ తాగరని చెప్తే నమ్మదు.

నీ తమ్ముడు
రామాంజులు


ధర్మవరం
9-8-1982

ఏమప్పా పెద్ద డాక్టరూ,

నీ జాబు మీ బావ చేతికే అందింది. నడవలో నిలబడి గట్టిగా చదివాడు. "సూడు, మీ తమ్ముడే రాసినాడు. నా మాట సెడ్డది, మీ తమ్ముని మాట మంచిదే గదా!" అన్నాడు.

పోయిన జాబులో రాయలేకపోయింది ఇదే. యాడికి ఊరి దగ్గర పల్లెలో మీ బావ మేనత్త పెద్దక్క ఒక్కతే ఉంది కదా, బయమ్మను అక్కడ వదిలేసి వస్తానని నెల నుంచీ అంటున్నాడు. "ఆడ సేలల్లో యాడ తుమ్మితే ఎవురికేం నష్టం? గాలికి తిరుగుతాంటాది" అని. నేను కాళ్ళకు అడ్డం పడుతూ వచ్చాను. నువ్వు వెనకనుంచి వచ్చి తోశావు. చవితి అయినాక తీసుకుపోతాడట. ఆ ముసలామెకు కళ్ళు సరిగా ఆనవు, చేల మధ్య గట్టు లేని బావులు. అమ్మా అని పిలవడం కూడా రాని పిల్ల అక్కడ ఎవరికి ఏమని చెప్పుకుంటుందిరా? నీకు బిడ్డలు లేరు గనక రాశావు. ఈ మాట రాయకూడదు, రాసేశాను, కొట్టెయ్యను.

కోపంతో ఆ రోజు రాట్నం ముట్టలేదు. పోయి స్తంభం దగ్గర దాని పక్కనే కూర్చున్నా. అప్పుడు చూశానురా. గాలి లేదు, దుమ్ము లేదు. మెడ చాచి, మొహం పైకెత్తి, ఒక ఉత్తుత్తి తుమ్ము తుమ్మింది. తుమ్మి తల వంచి వంటింటి వైపు తిప్పుకుని కూర్చుంది. మా అత్త వచ్చింది. "చిరంజీవ" అని నెత్తిన అరచెయ్యి పెట్టింది. బయమ్మ కళ్ళు మూసుకుంది. నేను తల దువ్వబోతే కరిచే పిల్ల, ఆ చెయ్యి కింద చల్లగా కళ్ళు మూసుకుని ఉంది. నాకు ఏడుపొచ్చింది, అసూయ కూడా పుట్టింది. కన్నది నేను కదా!

అంటే మనమే నేర్పామన్నమాట. పుట్టినప్పటినుంచి మొహమెత్తి బాహాటంగా తుమ్మితే దీవెన. దానికి కావలసింది ఆ చెయ్యి. ఆ చెయ్యి రావాలంటే దానికి తెలిసిన దారి తుమ్మొక్కటే.

పోయి మా అత్తతో చెప్పా, ఇంక చిరంజీవ అనొద్దు అని. "తుమ్మిన బిడ్డకు ఆయుస్సు పొయ్యకుంటే ఏమన్నా అయితే ఎవురు సూస్తారు? ముగ్గురు బిడ్డల్ని పోగొట్టుకున్న దాన్నే, నాకు సెప్తావా?" అంది. అయినా నా కోసం మానుకుంది. మానుకున్న రోజునుంచి నరకం. కట్టు విప్పగానే బయమ్మ ఆమె వెంటబడి తుమ్మింది. మొహం మీద తుమ్మింది. పప్పుకుండలో తుమ్మింది. చెయ్యి రాకపోయేసరికి తల స్తంభానికేసి కొట్టుకుంది. మా అత్త ఏడుపు, నా ఏడుపు, దాని ఏడుపు. మీ బావ నాడె పక్కన పెట్టి బయటికి పోయాడు.

ఇప్పుడు చెప్పు, ఏం చెయ్యమంటావో.

హనుమక్క


బెంగళూరు
14-8-1982

అక్కా,

కొట్టెయ్యనన్న మాట కొట్టెయ్యకపోయినా ఫరవాలేదు. యాడికి సంగతి నాకు తెలియదు. తెలిస్తే చెయ్యి విరగ్గొట్టుకునేవాణ్ణి గానీ అట్లా రాసేవాణ్ణి కాదు. చుట్టాల ఇల్లు అని రాసినప్పుడు నా మనసులో ఉన్నది మా ఇల్లే. అంజనమ్మ కిటికీ పక్కన చోటు కూడా ఖాళీ చేసింది. పిల్లలు లేనివాళ్ళం, మీ బిడ్డను మాకివ్వమని అడిగినట్టుంటుందేమోనని మొహమాటపడి "ఎవరైనా చుట్టాలు" అని తిప్పి రాశాను. నా తెలివి ఇట్లా ఏడ్చింది.

డాక్టరమ్మ తిరిగి వచ్చింది. నీ జాబు మొత్తం కన్నడంలోకి మార్చి చెప్పాను, నన్ను తిట్టిన చోటు కూడా. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "మీ అక్క కనుక్కుంది కదయ్యా, ఇంక నన్నెందుకు అడుగుతావు?" అంది. దీవెన మానిపించొద్దట. మానిపిస్తే పిల్లకు దొరికే ఒక్క తీపీ పోతుంది. వరస మార్చాలి, అంతే. గుడ్డ అడ్డం పెట్టుకున్నాకే చెయ్యి. పెట్టుకోకపోతే తిట్టు లేదు, దెబ్బ లేదు, చెయ్యీ లేదు. మొదట్లో గుడ్డ మనమే పట్టాలి. మీ అత్త రామసుబ్బమ్మ తప్ప ఇంకెవరూ ఈ పని చెయ్యలేరని చెప్పమంది.

బావకు వేరే జాబు రాసి ఇందులోనే పెట్టాను. దసరా దాకా ఆగమని కాళ్ళు పట్టుకున్నాను. నువ్వు చదవొద్దు.

రామాంజులు


ధర్మవరం
26-9-1982

రామాంజులూ,

నీ జాబు రాగానే జవాబు రాయలేదని బాధపడ్డావేమో. కోపం ఎప్పుడో పోయింది. ఇంట్లో పాఠశాల పెట్టాం, తీరిక లేదు. పంతులమ్మ మా అత్త.

వరస మార్చమంటే మొదట ఒప్పుకోలేదు. "ఆయుస్సు ఇచ్చేకి గూడా షరతులా?" అని మూతి తిప్పింది. బియ్యం చెరుగుతూ కాసేపు కూర్చుని, "గుడికి పోతే సెప్పులిడిసి లోపలికి పోతాము గదా, ఇదీ అట్లే అనుకుంటాలే" అంది. ఆమె అనుకుంటే ఇంక అయిపోయినట్టే.

నీ తెల్లగుడ్డల జోలికి పోలేదు. బయమ్మ మొహమెత్తగానే తన కొంగే తెచ్చి ముక్కుకు అడ్డం పెట్టింది, ఆ వెంటనే నెత్తిన చెయ్యి. ఆ కొంగుకు కేకలు లేవు! అవ్వ వాసన కదా. కొంగు రాకముందే తుమ్మేస్తే మా అత్త గోడ వైపు తిరిగి నిలబడేది. దీవించకుండా ఉండటం ఆమెకెంత కష్టమో చూడాలి. పెదవులు లోపల కదులుతూనే ఉండేవి.

ఒకరోజు తుమ్ము వస్తుందనగా ముక్కు పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తి తనే కొంగు లాక్కుంది. "నా కొంగు నీ ముక్కు తుడిసేకే పుట్టిందా లంబాడీ!" అని తిడుతూనే దీవించింది. ఇంకొకరోజు ఆమె స్నానానికి పోతే, దండెం మీద ఆరేసిన చీరలో తుమ్మి, ఆ చీర ముందు తల వంచి నిలబడింది. నవ్వలేక చచ్చాం. తర్వాత మా అత్త తన పాత నూలు చీర కొంగు చించి, పిన్నీసుతో దాని గౌను భుజానికి పెట్టింది. ఇప్పుడు మా ఇంట్లో ఇంకో చిన్న కొంగు తిరుగుతోంది.

దగ్గు దగ్గర మళ్ళీ చిక్కొచ్చింది. మొన్న పడిశం నిజంగానే పట్టింది. తుమ్మితే గుడ్డ, దగ్గితే బాహాటం. దగ్గుకు కూడా దీవించమంటే, "దగ్గుకు సిరంజీవ అనేది యాడన్నా ఉండాదా? శాస్త్రంలో లేదు" అని మా అత్త పట్టు. నల్లమ్మ కూడా వచ్చి తగువు తీర్చింది. చివరికి దగ్గుకు "సల్లగుండు" అనే కొత్త దీవెన పుట్టింది. చెయ్యి మాత్రం అదే. పిల్లకు చెయ్యే కావాలి, మంత్రం ఏదైతేనేం.

నీ జాబులో ఏం రాశావో గానీ, చవితి పోయింది, మీ బావ యాడికి మాట ఎత్తలేదు. కట్టు మాత్రం విప్పలేదు. "అవ్వ ఉన్నప్పుడు సేస్తాది, మగ్గం కాడ సేస్తాదని ఏం నమ్మకం?" అంటాడు. ఆ మాటలో తప్పు లేదు. మా అత్త పొయ్యి వదిలి రోజంతా మగ్గం దగ్గర కూర్చోలేదు. డాక్టరమ్మను ఇదొక్కటి అడుగు. దసరా దగ్గర పడుతోంది.

మీ అక్క


బెంగళూరు
6-10-1982

అక్కా,

అడిగాను. ఒక్కరి చెయ్యికే అలవాటు చేస్తే ఒక్కరి దగ్గరే చేస్తుందట. మగ్గం దగ్గర ఎవరుంటారో వాళ్ళ చెయ్యే దీవించాలి అంది. అంటే బావ.

కట్టిన చెయ్యి కదా, పిల్ల ఒప్పుకుంటుందా అని అడిగాను. అది పిల్లను అడగాలి, నన్ను కాదు అంది.

పని మధ్యలో రాస్తున్నాను, వార్డు నర్సమ్మ పిలుస్తోంది. బావను మొండిపట్టు పట్టొద్దని చెప్పు. నువ్వూ పట్టొద్దు.

రామాంజులు


ధర్మవరం
1-11-1982

రామాంజులూ, అంజనమ్మా, ఇద్దరూ కలిసి చదవండి.

నీ జాబు మీ బావకు చదివి వినిపిస్తే లేచి మగ్గం గుంతలోకి దిగాడు. మరుసటి రోజు అడిగితే, "దానికి నా సెయ్యి అంటే బయం. నేను పెట్టను" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. నాకప్పుడు అర్థమయింది, ఇన్నాళ్ళూ బిడ్డ కంటే ఆయనే ఎక్కువ భయపడుతున్నాడని. పండగ పోయింది, అట్లాగే నానింది.

నిన్న పొద్దున పడుగు చివరికొచ్చింది. మిగిలిన మూర పట్టు సావుకారు లెక్కలోది కాదు. నేను ఎవరినీ అడగలేదు. పోయి ముడి విప్పి వదిలేశా. బయమ్మ నేరుగా పోయి గుంత అంచున తన చోట్లో కూర్చుంది. మీ బావ నా వైపు చూశాడు గానీ పొమ్మనలేదు. నాడె ఆడుతోంది, అది చూస్తోంది. మా అత్త, నేను వంటింటి గడపలో నిలబడ్డాం.

వచ్చింది తుమ్ము. ఉత్తుత్తిది కాదు, నిజందే. బయమ్మ భుజాన ఉన్న కొంగు తీసి మొహానికి గట్టిగా అదుముకుని తుమ్మింది. పట్టు మీద ఒక్క చుక్క పడలేదు. తుమ్మి తల వంచింది. వంటింటి వైపు కాదు, పక్కనున్న మనిషి వైపు.

మీ బావ నాడె పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. "పెట్టరా, ఎంతసేపు వంచుకుంటాది బిడ్డ?" అని మా అత్త కేక వేసింది. ఆయన చెయ్యి తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. పెట్టాడు. అది చెయ్యి తోసెయ్యలేదు. కళ్ళు మూసుకుంది. ఆయనకు చిరంజీవ అనే మాట రాలేదు. నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. గుంతలో కూర్చుని చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చాడు.

"ఒరే, పట్టు మీద పడతాయిరా, పక్కకు తిరుగు!" అని మా అత్త అరిచింది. ఆయనకు వినపడితే కదా.

బయమ్మ కళ్ళు తెరిచి చూసింది. లేచి నిలబడింది. తన కొంగు తీసి వాళ్ళ నాయన మొహానికి అడ్డం పెట్టింది, ముక్కూ కళ్ళూ అన్నీ మూసి గట్టిగా అదిమింది. ఒక చేత్తో అట్లా పట్టుకుని, రెండో అరచెయ్యి ఆయన నెత్తిన పెట్టింది.

ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. అది చెయ్యి తీసేదాకా కదల్లేదు.

మీ అక్క
హనుమక్క